జావా పని అయిపోయిందంట కదా అన్నా? – కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను మిర్యాలగూడ దిక్కు మిల్లులకు, వే బ్రిడ్జిలకు సాఫ్ట్‌వేర్ చేసిస్త, సాయంత్రం పూట కొంతమంది పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్త. నల్గొండ నుంచి, దేవరకొండ నుంచి పిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే, ఇప్పుడైతే వాళ్ల నాన్నలు గూడ ఫోన్ చేసి అడుగుతున్నరు, "జావాకు ఇగ ఫ్యూచర్ లేదంట సార్, పైథాన్‌కు మార్పించాల్నా" అని. ఎవరో సీనియర్ అన్నడని, ఏదో వీడియోల చూసిన్రని. ఈ పుకార్లతోని ఇండ్లల్ల పైసలు ఎట్ల కరిగిపోతున్నయో చూస్తుంటే కడుపు మండుతది, అందుకే రాస్తున్న.

అపోహ: లాంగ్వేజ్ పాతదైతే చచ్చిపోతది, నేర్చుకున్నదంతా వేస్ట్, మళ్ల కొత్త కోర్సుకు ఫీజు కట్టాలె.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. ముందు వయసులు చూడండి. కొత్తది కొత్తది అని అందరు ఎగబడే పైథాన్ 1991ల వచ్చింది, ముసలిదైపోయిందంటున్న జావా 1995ల. పైథానే నాలుగేండ్లు పెద్ద! ఆ పైథాన్ కోడ్‌ను చదివి నడిపించే ప్రోగ్రాం (ఇంటర్‌ప్రెటర్) రాసింది సీ లాంగ్వేజ్‌ల, ఆ సీ ఏమో 1972 నాటిది. ఫోర్‌ట్రాన్ 1957ది, వాతావరణ అంచనాలకు వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ చాలా మటుకు ఫోర్‌ట్రానే. కోబాల్ పని 1959ల మొదలైంది. 2020 ఏప్రిల్‌ల కరోనా టైంల అమెరికాల నిరుద్యోగ భృతి అప్లికేషన్లు ఒక్కసారే మీద పడితే, వాటిని చూసుకునే పాత సిస్టం కోబాల్‌ల ఉండేసరికి, న్యూజెర్సీ గవర్నర్ ప్రెస్ మీట్ల కూసొని మాకు కోబాల్ వచ్చినోళ్లు కావాలె అని అడిగిండు.

మరి అసలు ఏదీ పోదా అంటే, పోతది. వయసు మీద పడి గాదు, ఒక్క కంపెనీ చేతిల ఉండి ఆ కంపెనీ వద్దనుకుంటే పోతది. లెక్కలు, రికార్డులు దాచిపెట్టే ప్రోగ్రాములు చేసే ఫాక్స్‌ప్రోకు ఇగ కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007ల చెప్పేసింది, 2015 జనవరితోని సపోర్ట్ గూడ బంద్ అయింది. బ్రౌజర్ల ఆటలు, బొమ్మలు ఆడించే ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తోని పోయింది, దానెంబడే అండ్ల కోడ్ రాసే యాక్షన్‌స్క్రిప్ట్ పని గూడ పోయింది. అయినా పోవుడంటే ఒక్కరోజుల మాయమైపోవుడు గాదు. వీబీ6 (విజువల్ బేసిక్ 6, మైక్రోసాఫ్ట్‌దే ఇంకో పాత లాంగ్వేజ్) ఎడిటర్‌కు 2008లనే సపోర్ట్ ఆగింది, కానీ దాంట్ల చేసిన ప్రోగ్రాములు విండోస్ 11ల గూడ నడుస్తున్నయి. మా దగ్గర కొన్ని కాంటాల కాడ లారీ ఎక్కంగనే బరువు చూపెట్టే డబ్బా (ఇండికేటర్) నుంచి సీరియల్ కేబుల్ మీద బరువు వచ్చి పడే స్క్రీన్ ఇయ్యాల్టికీ వీబీ6దే.

ఫాక్స్‌ప్రో పోయిందంటే నాకు నిజంగ బాధైతది, నేను బతుకుదెరువు మొదలుపెట్టింది దాంతోనే. కమాండ్ విండోల యూజ్ అని ఫైల్ పేరు కొట్టి, బ్రౌజ్ అంటే చాలు, మిల్లు లెక్కంతా కండ్ల ముందు పరుచుకునేది. అండ్ల డిలీట్ కొడితే రికార్డ్ పోదు, పక్కన ఒక నల్ల గుర్తు పడతది అంతే. రీకాల్ అంటే మళ్ల వస్తది, ప్యాక్ అంటేనే పూర్తిగ పోతది. గుమాస్తాలు తప్పు కొట్టిన బస్తాల ఎంట్రీలు ఎన్నిసార్లు రీకాల్‌తోని బతికించిన్నో! తర్వాత పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు మారినప్పుడు చూస్తే అక్కడ గూడ డిలీట్ చేసిన వరుస డిస్క్ మీద అట్లనే ఉంటది, వ్యాక్యూమ్ అనే ఊడ్చే పని నడిస్తేనే ఆ జాగ ఖాళీ అయితది. ఫాక్స్‌ప్రోల ఉన్నట్టు మళ్ల వెనక్కి తెచ్చుకునుడు మాత్రం అంత ఈజీ గాదు. కానీ సంగతి తెల్వంగనే నాకు అర్థమైంది, కొత్తగ కష్టపడింది ఏం లేదు. ఇండెక్స్ ఎందుకు వేస్తరు, లూప్ ఎందుకు ఆగుతలేదు, తారీకుల రెండంకెల సంవత్సరం పెడితే ఏమైతది, ఇవన్నీ ఒక్కసారి వస్తే ఏ లాంగ్వేజ్‌కు పోయినా మన ఎంబడే వస్తయి.

ఒకాయన పత్తి అమ్మిన పైసలు పెట్టి బిడ్డను హైదరాబాద్‌ల జావాకు చేర్పించిండు. సగంల ఎవరో జావా అయిపోయిందన్నరని ఆ పిల్ల మానేసి పైథాన్‌ల చేరింది, అది గూడ సగం కాకముందే డేటా సైన్స్. నా దగ్గరికొచ్చేసరికి మూడు సర్టిఫికెట్లున్నయి, ఒక ఫైల్ చదివి టోటల్ వేసే ప్రోగ్రాం మాత్రం మూడిట్ల ఏ ఒక్కదాంట్లనూ రాయరాదు. పిల్ల తెలివైందే, భయం పెట్టి ఉరికిచ్చిన్రు అంతే. మళ్ల జావానే తీయించి, కాంటా చీటీలు ఇచ్చి లెక్క చేయించిన, నెల తిరిగేసరికి ఎర్రర్ వస్తే భయపడకుండ చదువుడు మొదలుపెట్టింది. మీరు గూడ గదే చెయ్యండి. సగంల ఉన్నది ఏదైతే అది పూర్తి చెయ్యండి: ఫైల్ చదువుడు, డేటాబేస్‌కు కలుపుడు, ఎర్రర్ వస్తే ఎక్కడిదో పట్టుకునుడు. ఇవి వచ్చినంక రెండోది మొదటిదానంత టైం పట్టదు.

అపోహ: కోబాల్ వచ్చినోళ్లు లేరు గాబట్టి నేర్చుకుంటే లక్షల్ల జీతం.

ఒట్టి సింటాక్స్ (లాంగ్వేజ్ రాసే పద్ధతి) వస్తే ఎవరూ పిలిచి ఇయ్యరు. అక్కడ కావాల్సింది మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులల్ల వాడే పెద్ద కంప్యూటర్), దానికి పనులు అప్పజెప్పే జేసీఎల్, బ్యాంకు లెక్కలు తెలిసిన మనిషి. ఫ్రెషర్లకు కంపెనీలే తీసుకొని నేర్పితే మంచిదే, వద్దనకండి.

అపోహ: పైథాన్ 2 పోయింది, రేపు పైథాన్ గూడ పోతది.

2020 జనవరి 1న పోయింది ఆ వెర్షన్, లాంగ్వేజ్ గాదు.

అపోహ: ఏఐ రాస్తున్నది, ఇగ ఏ లాంగ్వేజూ అక్కర్లేదు.

మొన్న ఒక పిలగాడు ఏఐతోని పైథాన్‌ల కాంటా ప్రోగ్రాం రాయించుకొచ్చిండు. వడ్లు వచ్చినప్పుడు మంచిగనే నడిచింది. బియ్యం బయటికి పోయేటప్పుడు నెట్ (సరుకు ఒక్కదాని బరువు) మైనస్‌ల వచ్చింది. ఎందుకంటే వడ్లు దిగేటప్పుడు లారీ ముందు లోడుతోని ఎక్కుతది, బియ్యం పోయేటప్పుడు ముందు ఖాళీగ ఎక్కుతది. ప్రోగ్రాం మాత్రం మొదటి బరువే గ్రాస్ (లోడుతోని ఉన్న బరువు) అనుకుంది. పిలగాడు మళ్ల మళ్ల ఏఐనే అడుగుతుంటే, పక్కన కూసున్న, పీహెచ్‌పీ అనే ఇంకో లాంగ్వేజ్ నేర్చుకునే అమ్మాయి ఆ కోడ్ లైన్ లైన్ చదివి తప్పు ఎక్కడుందో చూపెట్టింది. ఆమెకు పైథాన్ ఒక్క ముక్క గూడ రాదు.