డీబగ్గింగ్ మోడ్‌లో ఫోను ఎవరి మాట వింటుంది?

విజయవాడ గవర్నర్‌పేటలోనో, బీసెంట్ రోడ్డు పక్క సందుల్లోనో ఫోను బాగుచేయడానికి ఇచ్చినప్పుడు, ఒక్కోసారి దుకాణంలోని కుర్రవాడు దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, "ఇక్కడ ఓకే నొక్కండి సార్" అని తెరను మన వైపు తిప్పుతాడు. చాలామంది చదవకుండానే నొక్కేస్తారు. ఈ కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను అనుమతించాలా అన్నది అక్కడున్న ప్రశ్న. డీబగ్గింగ్ అంటే యాప్‌లలోని తప్పులు వెతికి సరిచేయడం. సరే అన్నామంటే ఫోనుకు ఆదేశాలిచ్చే అధికారం ఆ కంప్యూటర్‌కు వెళ్లిపోయినట్టే. ఆ అధికారం ఎంత, ఎన్నాళ్లు అన్నది ఫోను వాడే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

ఈ సదుపాయం పుట్టింది యాప్‌లు తయారుచేసేవారి కోసం. గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి మిర్చి ధరలు చూపే యాప్ రాస్తోందనుకుందాం. ధర టైపు చేయగానే యాప్ మూసుకుపోతోంది. తెర మీద కనిపించేది 'యాప్ ఆగిపోయింది' అన్న ఒక్క ముక్కే. అదే ఫోనును డీబగ్గింగ్‌తో కంప్యూటర్‌కు కలిపి 'లాగ్‌క్యాట్' అనే ఆదేశం ఇస్తే, లోపల జరుగుతున్న పనుల చిట్టా వరుసలు వరుసలుగా దిగుతుంది. యాప్ కూలిన చోట ఏ ఫైలులో ఎన్నో వరుస దగ్గర చిక్కుకుందో రాసి ఉంటుంది. '14,500' అని కామాతో సహా ఇచ్చిన దాన్ని యాప్ సంఖ్యగా మార్చలేకపోయిందని అక్కడ తేలుతుంది. గంటల తరబడి వెతకాల్సిన తప్పు ఒక్క నిమిషంలో దొరుకుతుంది.

కంప్యూటర్ ఆదేశాలను ఫోనుకు చేరవేసి ఈ పని చేసిపెట్టే ప్రోగ్రామ్ ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్, పొట్టిగా ఏడీబీ. 2012లో ఆండ్రాయిడ్ 4.2 వచ్చినప్పటి నుంచి దీని స్విచ్ ఉండే డెవలపర్ ఆప్షన్లను మామూలు చూపుకు అందకుండా దాచారు. సెట్టింగులలో ఫోను వివరాల పేజీకి వెళ్లి, బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే అవి బయటపడతాయి. ఈ స్విచ్ వేసినంత మాత్రాన వారంటీ పోదు, ఫోను రూట్ కాదు (అంటే ఫోను వ్యవస్థ మీద పూర్తి అధికారం చేతికి రాదు), వేగమూ పెరగదు.

అనుమతి పొందిన కంప్యూటర్ ఫోనులో 'షెల్' అనే హోదాతో పనిచేస్తుంది. ఫొటోలు, డౌన్‌లోడ్లు కాపీ చేసుకోగలదు. యాప్‌లు పెట్టగలదు, తీసేయగలదు, మనల్ని అడగకుండానే వాటికి కొన్ని అనుమతులు ఇచ్చేయగలదు. తెర బొమ్మ తీయగలదు, మన వేలు తాకినట్టే తెర మీద నొక్కగలదు. బ్యాంకు యాప్ తన సొంత గదిలో దాచుకున్న ఫైళ్లను మాత్రం రూట్ చేయని ఫోనులో చూడలేదు. ఇది గట్టి గోడే. కానీ తెర మీద బటన్లు నొక్కే శక్తి ఇచ్చాక ఆ గోడ ఒక్కటే సరిపోదు. డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోనిది ఇందుకే. అలాంటి హెచ్చరిక వస్తే యాప్‌ను తిట్టుకోకుండా స్విచ్ ఆపేయండి.

స్విచ్ వేసి ఉన్నంత మాత్రాన ఏ కంప్యూటర్ పడితే ఆ కంప్యూటర్ లోపలికి రాగలదా? ఒకప్పుడు రాగలిగేది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2.2 ఆ తలుపు మూసింది. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. కేబుల్ తగిలించగానే ఫోను 20 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి పంపుతుంది. కంప్యూటర్ దాని మీద తన రహస్య కీతో, అంటే తన దగ్గరే ఉంచుకునే డిజిటల్ తాళంచెవితో, సంతకం చేసి తిప్పి పంపాలి. ఆ సంతకం ఫోనుకు ముందే తెలిసిన కీలలో దేనితోనూ సరిపోలకపోతే, కంప్యూటర్ తన బహిరంగ కీని, అంటే ఆ సంతకాన్ని సరిచూడడానికి పనికొచ్చే జత కీని, పంపుతుంది. అప్పుడే మనకు ఆ అనుమతి పెట్టె కనిపిస్తుంది. అందులో రెండేసి అక్షరాల చొప్పున 16 జతలు ఉంటాయి. అది ఆ కీ వేలిముద్ర. రహస్య కీ ఎప్పుడూ కంప్యూటర్ దాటి రాదు.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకూ ఒక బలహీనత ఉంది. రహస్య కీ కంప్యూటర్‌లో మామూలు ఫైలుగానే ఉంటుంది. దాన్ని కాపీ చేసుకున్నవారు మన ఫోను దగ్గర ఆ కంప్యూటర్‌గా చెలామణి కావచ్చు. అందుకే పదిమంది కూర్చునే కళాశాల ల్యాబ్‌లోనూ, మరమ్మతు దుకాణంలోనూ 'ఎల్లప్పుడూ అనుమతించు' అన్న టిక్ పెట్టకూడదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి, ఏడు రోజులు వాడని అనుమతి మామూలుగా దానంతటదే రద్దవుతుంది. ఏడు రోజులు తక్కువ సమయమేమీ కాదు.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ఎక్కడో ఛార్జింగ్‌కు పెట్టినప్పుడు ఈ పెట్టె కనిపించిందా, వెంటనే కేబుల్ లాగేయండి. కరెంటు ఇచ్చే తీగకు మన అనుమతితో పనే లేదు.

కేబుల్ లేని దారి ఇంకా జాగ్రత్త కోరుతుంది. పాత పద్ధతిలో ఏడీబీ 5555వ పోర్టులో, అంటే నెట్‌వర్క్ నుంచి ఫోనులోకి వచ్చే ఆ నంబరు ద్వారం దగ్గర, ఆదేశాల కోసం వినేది. 2018లో ఏడీబీ.మైనర్ అనే కంప్యూటర్ పురుగు (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్) ఆ పోర్టు తెరిచి ఉన్న పరికరాల్లోకి జొరబడి, వాటి చేత క్రిప్టో నాణేలు తవ్వించింది. వాటిలో ఆండ్రాయిడ్ టీవీ పెట్టెలూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ 11లో వచ్చిన వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆరంకెల కోడో, క్యూఆర్ కోడో అడుగుతుంది కాబట్టి చాలా నయం. అయినా హాస్టల్ వైఫైలో పని కాగానే ఆపేయాలి.

దుకాణంలో నిజంగా అవసరమైతే ఏ పని కోసమో అడగండి, మీ ఎదుటే చేయించండి. తర్వాత డెవలపర్ ఆప్షన్లలో 'యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతులను రద్దు చేయి' నొక్కి, స్విచ్ ఆపేయండి. అనుమతులన్నీ ఒక్కసారే పోతాయి. ఇంట్లో మీ సొంత కంప్యూటర్‌కు కలిపినప్పుడు ఫోను మళ్లీ అడుగుతుంది.