పక్కనున్నవాడికి ఎందుకు వినబడదు?

చిక్కడపల్లి, హైదరాబాద్

బుజ్జీ, చింటూ, మీ ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ పాఠం, పరీక్షకి అసైడ్, సాలిలాక్వి, డ్రమటిక్ ఐరనీ అంటూ ఇంత పొడుగు జాబితా, ఒకటే టెన్షన్ అన్నావు. మధ్యలో చింటూ దూరి ఒకటి అడిగాడు: “తాతా, అసైడ్ ఆఖరి వరసలో వాళ్ళకి కూడా వినబడుతుంది కదా, పక్కనే ఉన్న సీజర్‌కి ఎందుకు వినబడదు? చెవుడా?” ఆ ప్రశ్న ముందు నీ జాబితా దిగదుడుపే.

జాబితా అవతల పెట్టి మీ వంటగది వైపు చూడండి.

ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారు. “రండి రండి, చాయ్ పెడతాను” అంది మీ అమ్మ. అందరూ వినేలా అన్న ఆ మాటని మన పాత నాటకాల్లో ‘ప్రకాశం’ అంటారు. లోపలికెళ్ళి గిన్నె మూత తీసి, “ఖర్మ, పాలు లేవు!” అని తనలో తాను గొణుక్కుంది. అది స్వగతం, నీ జాబితాలో అసైడ్. చుట్టూ ఎవరూ లేనప్పుడు అదే గొణుగుడు పొడుగు సాగి, మనసులో ఉన్నదంతా బయటపడితే నీ సాలిలాక్వి. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి మీ నాన్నకి ఒక్కడికే కళ్ళతో సంగతి చెప్పింది. అది జనాంతికం. సంస్కృత నాటకాల్లో దానికి చేతి గుర్తు కూడా ఉంది. ఉంగరం వేలు మడిచి, మిగతా మూడు వేళ్ళూ నిటారుగా నిలిపి పక్కవాళ్ళకి అడ్డం పెడతారు. త్రిపతాకం అంటారు దాన్ని. ఆ చెయ్యి లేచిందంటే మధ్యలో గోడ లేచినట్టే!

ఇంతలో హాల్లోంచి చుట్టం, “తొందరేం లేదమ్మా, చాయ్ తాగే వెళతాం” అన్నాడు. పాల సంగతి ఆయనకి తెలియదు, మీకు తెలుసు. ఆ తేడాయే డ్రమటిక్ ఐరనీ. మీకు నవ్వు పొంగుకొచ్చేది అందుకే. (నవ్వు పొంగినా వాళ్ళు వెళ్ళేదాకా ఆపుకోవాలి. ఇంటికొచ్చినవాళ్ళ ముందు నవ్వకూడదు.)

ఆకాశభాషితం అని ఇంకోటుంది. రంగం మీద ఒక్కడే నిలబడి, కనబడని మనిషితో “ఏమంటున్నావు? రేపొస్తానంటావా?” అని రెండు వైపుల మాటలూ తనే చెబుతాడు. మెట్రోలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళని చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

వెర్బల్ ఐరనీ వేరు. నీ మార్కులు చూసి మీ నాన్న “ఆహా, ఎంత బాగా చదివావమ్మా!” అంటాడు చూడు, అది. సీజర్ స్నేహితుడు ఆంటొనీ, సీజర్‌ని చంపినవాళ్ళలో ఒకడైన బ్రూటస్‌ని పదేపదే గౌరవనీయుడు అనేదీ అదే.

ఇప్పుడు రెండో అంకం, రెండో రంగం తియ్యి. అక్కడా చుట్టాలే. తనని చంపడానికి వచ్చినవాళ్ళనే సీజర్ లోపలికి వచ్చి వైన్ తాగమంటాడు. వాళ్ళలో ఒకడైన ట్రెబోనియస్‌ని నా దగ్గరే ఉండు అంటాడు. అలాగేనని పైకి ఒప్పుకుని, ఆ ట్రెబోనియస్ పక్కకి ఏమంటాడో చదువు. ఎంత దగ్గరగా ఉంటాడంటే, వీడు దూరంగా ఉన్నా బాగుండేదని సీజర్ ఆప్తులు తర్వాత అనుకోవాలట. నా పాలగిన్నె ఇక్కడికి సరిపోదు. పాలు లేకపోతే నవ్వొచ్చింది, ఇక్కడ కడుపులో దేవినట్టవుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊళ్ళో సురభి నాటకాల వాళ్ళు డేరా వేశారు. ఆ రోజు కీచకవధ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వాళ్ళు మొట్టమొదట ఆడిన నాటకమూ అదే. నేను ముందు వరసలో నేల మీద కూర్చున్నాను. చీకట్లో ముసుగు కప్పుకుని భీముడు. ద్రౌపదే అనుకుని మీసం దువ్వుకుంటూ వస్తున్నాడు కీచకుడు. నాకు ఆగలేదు. “పోకురా! ఆడ భీముడున్నడు!” అని అరిచాను.

డేరా డేరా అంతా నవ్వింది. మా నాన్న నెత్తిన ఒక్కటిచ్చాడు. వాడు దుర్మార్గుడని తెలిసి కూడా వాడి తరఫున ఎందుకు అరిచానో, ఈ డెబ్భై ఏళ్ళ వయసులో కూడా చెప్పలేను.

చింటూ, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉందనుకుంటాను. నా అరుపు కీచకుడి వేషం కట్టినాయనకి వినబడకుండా ఎలా ఉంటుంది? మూడడుగుల దూరం! అయినా రెప్ప కూడా కదల్లేదు. మీసం మీద చెయ్యి అలాగే ఉంది, అదే నడక. సీజర్‌కీ చెవుడు లేదురా. వినబడినదాన్ని వినకుండా ఉండటం ఆయన పని. అది ఎలా చేస్తారో మాత్రం నాకు తెలియదు.

పరీక్షలు కాగానే రవీంద్రభారతిలో ఏదో ఒక నాటకం చూద్దాం. ముందు వరసల్లోనే కూర్చుందాం. ఒకడు స్వగతం మొదలుపెట్టగానే అందరూ వాడినే చూస్తారు. మీరు మాత్రం పక్కన నిలబడ్డవాణ్ణి చూడండి. వాడి చేతులు ఏం చేస్తున్నాయో, కళ్ళు ఎక్కడ పెట్టాడో చూసి నాకు చెప్పండి.

మీ తాతయ్య