కురిడీ కాయ, రోమన్ నాణెం

చిరంజీవి బుజ్జికి, మిగతా పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"ఆ ప్లాస్టిక్ డబ్బా పగలగొడితే లోపలి నాణెం కూడా పగిలిపోదా తాతయ్యా?" అని సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగావు. ఇంటి నిండా చుట్టాలు, తీరిగ్గా చెప్పడం కుదర్లేదు. ఇప్పుడు రాస్తున్నాను, మీ అన్నయ్యలకు కూడా చదివి వినిపించు.

బాబాయి అమెరికా నుంచి తెచ్చిన ఆ నాణెం రోమన్లది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి రోజుల్లో, క్రీ.శ. 330 నుంచి కొన్నేళ్లపాటు ఈ రకం ముద్రించారు. మన రూపాయి బిళ్ల కంటే చిన్న కంచు బిళ్ల. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ, రోమ్ నగరాన్నే అలా స్త్రీగా చూపించారు. రెండోవైపు ఆడ తోడేలు. దాని పొట్ట కింద ఇద్దరు పసివాళ్లు పాలు తాగుతుంటే, అది మెడ వెనక్కి తిప్పి వాళ్లనే చూస్తూ ఉంటుంది. పైన రెండు నక్షత్రాలు. ఆ పిల్లలే రోములస్, రెమస్. పెద్దయ్యాక రోములస్ రోమ్ నగరం కట్టాడని వాళ్ల కథ.

ఇక ఆ డబ్బా. అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు మొదలయ్యాయి. నాణెం పంపితే పరీక్ష చేసి, గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్‌లో పెట్టి మూసేస్తాయి. దాన్ని స్లాబ్ అంటారు. బాబాయి దగ్గరున్నది ఎన్‌జీసీది. దాని చీటీ మీద అచ్చు ఎంత బాగా పడిందో 5కి మార్కులు, ఉపరితలం ఎంత బాగా నిలిచిందో 5కి మార్కులు, గ్రాముల్లో బరువు రాసి ఉంటాయి. దానికి మరలూ ఉండవు, జిగురూ ఉండదు. చెవికి వినబడని శబ్ద తరంగాలతో రెండు పలకల అంచులనూ కరిగించి అతికిస్తారు. తెరిచామంటే మళ్లీ మూసుకోదు. మధ్యలో ఎవరూ నాణెం మార్చెయ్యకుండా ఆ ఏర్పాటు.

మరి ఎలా తీస్తారు? కురిడీ కాయ కొట్టడం చూశావు కదా, అచ్చం అలాగే.

మా తాతగారు కొబ్బరికాయల్ని నెలల తరబడి అటక మీద ఉంచేవారు. లోపల నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, పెంకును వదిలేసేది. నన్ను నిచ్చెనెక్కించి ఒక్కో కాయనూ చెవి దగ్గర పెట్టి ఊపి చూడమనేవారు. లోపల గుండు లొటలొటలాడితే కిందికి, చప్పుడు లేకపోతే మళ్లీ దాని చోటికి. నాకు తొందర. ఆయనకు తొందరన్నది తెలియదు. కాయను ఎడమ అరచేతిలో పెట్టుకుని, నడుమ మీద ఎప్పుడూ కొట్టేవారు కాదు. అంచున కత్తితో చిన్న దెబ్బ, కొంచెం తిప్పి ఇంకో చిన్న దెబ్బ. పెంకు చీలిక పట్టాక గోళ్లతో ఒలిచేవారు. నూనె కారుతున్నట్టు మెరిసే గుండు కొబ్బరి చెక్కుచెదరకుండా బయటికొచ్చేది. గుండు నిండుగా ఉంటేనే అంబాజీపేట మార్కెట్లో ధర. చీలిందా, నూనె మిల్లుకే. ఆయన చేతిలో చీలగా నేను చూడలేదు.

స్లాబ్ కూడా అంతే. నడిమధ్యన సుత్తితో కొడితే ఆ దెబ్బ నాణేనికే తగులుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, స్లాబ్‌ను తువ్వాలులో చుట్టి, కటింగ్ ప్లయర్‌తో ఒక మూల కొరుకుతారు, తర్వాత ఇంకో మూల. అతుకు వెంట చీలిక పాకుతుంది. అప్పుడు రెండు పలకల్నీ విడదీస్తే, మధ్యలో తెల్లటి మెత్తని పట్టీలో నాణెం కూర్చుని ఉంటుంది. కింద చాప, దాని మీద మడత దుప్పటి పరుచుకోవాలి, జారినా గట్టి నేల తగలకుండా. ఇది పెద్దల పని. ప్లాస్టిక్ ముక్క కంటికి తగిలితే కన్నే పోతుంది.

కురిడీకి లేని చిక్కు ఒకటి దీనికుంది. పాత వెండి నాణేలు కొన్ని లోలోపల పెళుసుబారిపోయి ఉంటాయి. చేతిలోంచి జారితే రెండు ముక్కలవుతాయి. అలాంటివి స్లాబ్‌లోనే ఉండనివ్వాలి. ఖరీదైన బంగారువీ అంతే. అమ్మేటప్పుడు ఆ చీటీకి విలువ ఉంటుంది. ఇలాంటి మామూలు కంచు బిళ్ల మాత్రం తీయవచ్చనే నా అభిప్రాయం. చేతులు మారడానికి పుట్టిన వస్తువది. అద్దం వెనక పెడితే దాని అంచు పూర్తిగా కనబడదు, బరువు తెలియదు. ముందు రెండువైపులా ఫొటో తీసి, చీటీని జాగ్రత్తగా దాచుకుంటే చాలు.

తీశాక చింతపండుతో మాత్రం తోమకండి! మీ నానమ్మ రాగి బిందెకు చేసే మర్యాద దీనికి పనికిరాదు. ఆ ఆకుపచ్చ నలుపు పొర పట్టడానికి వందల ఏళ్లు పట్టింది, ఒక్క పూటలో పోతుంది. మనది సముద్రపు గాలి, ఉప్పూ తేమా కలిసి ఉంటుంది. కంచులో ఉప్పు చేరి ఉంటే, తేమ తగిలినప్పుడు లేత ఆకుపచ్చ పొడి రాలుతూ నాణేన్ని తినేస్తుంది. అందుకని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఉంచాలి. పట్టుకునేటప్పుడు తడి లేని చేతులతో, అంచుల దగ్గరే.

మన తీరానికీ పాత నాణేలున్నాయర్రా. శాతవాహనుల రాజులు పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేయించారు. మన ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. ఇంత పాత నేలలో దున్నుతుంటే ఎప్పుడైనా ఏదైనా బయటపడవచ్చు. అలా దొరికితే జేబులో వేసుకోకూడదు, కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. దొరికిన చోటే దాని కథలో సగం చెబుతుంది.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు బాబాయి చేత మన నాణెం తీయిద్దాం. నువ్వు భూతద్దం తెచ్చుకో. తోడేలు కాళ్ల కింద చిన్న అక్షరాలుంటాయి, ముద్రించిన ఊరి గుర్తు. టీఆర్ అని మొదలైతే ఇప్పటి జర్మనీలోని ట్రియర్, ఎస్ఎంటీఎస్ అయితే గ్రీసులోని థెస్సలోనికి. మనదాని మీద ఏముందో నా ముసలి కళ్లకు ప్లాస్టిక్ మీంచి ఆనడం లేదు. నువ్వే చదివి చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య