ఊట ఎక్కడి నుంచి వచ్చింది?

మాగాయ కోసం తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడతాం. చుక్క నీరు పోయం సరికదా, తడి చెయ్యి కూడా తగలనివ్వం. మర్నాడు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఉప్పు నీటిని లాగిందని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. కత్తి తగిలిన చోట చితికిన కణాల రసం కొంత ఉన్నా, మొత్తం మీద ఆ మాట నిజమే. అయితే నీరు బయటికి వచ్చిన దారినే ఉప్పు కూడా వెంటనే లోపలికి పోవచ్చు కదా? పోలేదంటే, నీటిని వదిలి ఉప్పును ఆపేది ఏదో మధ్యలో ఉండాలి.

అదే కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పలచని పొర. మొక్కల కణాలకు దాని బయట గట్టి కణకవచం కూడా ఉంటుంది గానీ, అది నీటినీ ఉప్పునూ రెండిటినీ పోనిస్తుంది. కాపలా అంతా లోపలి త్వచానిదే. దాని మందం 7–8 నానోమీటర్లు. అలాంటి పొరలు పది వేలకు పైగా పేరిస్తే గానీ ఒక కాగితం మందం రాదు.

ఇంత పలచని పొరను ఎవరూ నేయనక్కరలేదు. ఇందులో ముఖ్య పదార్థం ఫాస్ఫోలిపిడ్. దాని అణువుకు నీటితో పొసిగే తల ఒకటి, నూనెలా నీటికి దూరంగా ఉండే తోకలు రెండు. నీటిలో పడగానే తోకలు ఒకదాని చాటున ఒకటి చేరతాయి, తలలు రెండు వైపులా నీటికేసి తిరుగుతాయి. చారు మీద నూనె చుక్కలు దగ్గరికి చేరడానికీ, ఈ రెండు వరసల పొర ఏర్పడడానికీ కారణం ఒకటే. చిన్న చిరుగు పడితే పొర తనంతట తానే పూడుకుంటుంది కూడా.

వరసలు రెండేనని 1925లో నెదర్లాండ్స్‌లో గార్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు తేల్చారు. ఎర్ర రక్త కణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద ఒకే వరసగా పరిచారు. అది పరుచుకున్న వైశాల్యం కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపు వచ్చింది. తమాషా ఏమిటంటే, వాళ్లు కొవ్వును పూర్తిగా తీయలేకపోయారు, కణాల ఉపరితలాన్ని కూడా తక్కువగా లెక్కగట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబే మిగిలింది. పరీక్షలో మనకు ఇలాంటి అదృష్టం ఎన్నడూ పట్టలేదు.

పాఠ్యపుస్తకంలో బొమ్మ చూస్తే ఇదంతా గోడలా కదలకుండా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ బొమ్మ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే శాస్త్రవేత్తలు ఒక ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపేసి, రెండింటి త్వచాలలోని ప్రోటీన్లకు వేర్వేరు రంగుల గుర్తులు పెట్టారు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. నలభై నిమిషాలలో రెండూ కలగలిసిపోయాయి. చల్లబరిస్తే ఆ కలయిక ఆగిపోయింది. అంటే త్వచం ద్రవంలా పారాడుతుంది, ప్రోటీన్లు అందులో తేలుతూ తిరుగుతాయి. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన నమూనా సారం ఇదే.

ఇక రాకపోకలు. ఉప్పు నీటిలో కరిగితే విద్యుదావేశమున్న అయాన్లుగా విడిపోతుంది. నీటిని అంటిపెట్టుకుని తిరిగే ఆ అయాన్లకు నూనె పొర దాటడం దాదాపు అసాధ్యం. నీటి అణువు చిన్నది కనుక ఎలాగో దూరుతుంది, కానీ నెమ్మదిగా. కొన్ని కణాలలో నీరు అంత వేగంగా ఎలా పోతుందో చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికాలో పీటర్ ఆగ్రే అనే శాస్త్రవేత్త రక్తంలోని వేరే ప్రోటీన్ కోసం వెతుకుతుంటే మరో ప్రోటీన్ పదే పదే అడ్డు తగిలింది. దాని పని తేల్చడానికి 1992లో ఆయన బృందం కప్ప అండాలను వాడింది. మామూలు అండాలు ఉప్పు బాగా తక్కువున్న నీటిలో నిబ్బరంగా ఉన్నాయి. ఈ ప్రోటీన్ తయారయ్యేలా చేసినవి మాత్రం నిమిషాలలో ఉబ్బి పగిలిపోయాయి. నీటికి ప్రత్యేకంగా తలుపు ఉందన్నమాట! దానికి ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు. 2003లో ఆగ్రేకు నోబెల్ వచ్చింది. మామిడి కణాలలోనూ ఆక్వాపోరిన్లు ఉంటాయి.

తలుపులు కొన్ని ఊరికే తెరుచుకుంటాయి. కొన్నింటికి కూలి ఇవ్వాలి. మన కణాలలోని సోడియం పంపు, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒకటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీతల నరాలలో గుర్తించాడు. మనం కదలకుండా పడుకున్నా, శరీరం ఖర్చుచేసే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు ఈ పంపులకే పోతుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో హార్వర్డ్‌లో పనిచేసిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

మామిడి ముక్కలో పంపు వేరే రకం. అది హైడ్రోజన్ అయాన్లను తోస్తుంది, కూలి మాత్రం ఏటీపీయే. నీరంతా పోయి కణాలు వాడిపోయాక కూలి ఇచ్చేవాడు ఉండడు, త్వచాలు ఒక్కొక్కటే చితికిపోతాయి. అప్పుడు ఉప్పుకు దారి దొరుకుతుంది. మూడో రోజు ముక్కలను ఊటలోంచి పిండి ఎండలో ఆరబోసేటప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి, ఉప్పు లోపలిదాకా దిగి ఉంటుంది.