చొక్కా లోపలివైపు

చిన్నా, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. కొత్తగా కొన్న మూడు కామిక్స్ గురించి ఇద్దరూ పోటీపడి రాశారు. నాలుగో పుస్తకం దగ్గరికొచ్చేసరికి బుజ్జి ఒక్క ప్రశ్న వేసి ఆపేసింది: "తాతయ్యా, ఈ స్కెచ్‌బుక్‌లో కథ లేదు, రంగుల్లేవు. ఒక చెయ్యి గీయడానికి నాలుగు చేతుల గీతలున్నాయి. ఈ తప్పులన్నీ అచ్చువేసి ఎందుకు అమ్ముతారు?"

నీ చొక్కా ఒకటి తీసి లోపలివైపు తిప్పి చూడు బుజ్జీ. బయట నున్నగా కనిపించినదాని వెనక కుట్లు, ముడులు, కత్తిరించగా మిగిలిన అంచులు ఉంటాయి. కామిక్ పుస్తకం చొక్కా బయటివైపు. స్కెచ్‌బుక్ లోపలివైపు. టైలరు ముందు సుద్దతో గీతలు గీసుకుంటాడు కదా, కామిక్స్ గీసేవాళ్లలో చాలామంది అలాగే లేత నీలం పెన్సిల్ వాడేవారు. పాత ప్రెస్ కెమెరా ఫిల్ములో ఆ నీలం తెల్ల కాగితంలాగే పడేది. అందుకని దాన్ని చెరపక్కర్లేదు, పైన దిద్దిన ఇంకు గీత మాత్రమే అచ్చులోకి వచ్చేది. టైలరు గుడ్డ కాస్త ఎక్కువ తీసుకున్నట్టే వీళ్లూ అచ్చులో కనిపించేదానికన్నా పెద్ద కాగితం మీద గీస్తారు. బొమ్మ చిన్నదయ్యేటప్పుడు గీతలోని చిన్న చిన్న వణుకులు సర్దుకుంటాయి.

ఇక కుట్టు సంగతి. చిన్నా, నీకు నచ్చిన కామిక్‌లో ఒక గడిలో పిల్లవాడు బంతి పట్టుకుని చెయ్యెత్తాడని, పక్క గడిలో కిటికీ అద్దం పగిలి ఉందని రాశావు. బంతి విసిరిన క్షణం ఎక్కడుంది? ఎవరూ గీయలేదు. గడుల మధ్య ఉన్న ఆ సన్నటి తెల్ల సందును గట్టర్ అంటారు. కుట్టు పడేది అక్కడే. రెండు ముక్కల్నీ ఆర్టిస్టు కత్తిరించి ఇచ్చాడు, కలిపి కుట్టింది నువ్వు.

మీ వయసులో నాకు బొమ్మలంటే ప్రాణం. పుస్తకంలో బొమ్మ చూసి, దాన్ని గీసినాయన పెన్ను ఎత్తకుండా ఒక్క ఊపులో గీసేశాడనుకునేవాణ్ని. నా గుర్రం కాలు వంకర పోగానే కాగితం చింపేసేవాణ్ని. ఎవరైనా చూస్తారేమోనని ఆ ముక్కలు జేబులో దాచేవాణ్ని. అలా చింపీ చింపీ పదమూడో ఏట గీయడమే మానేశాను. వంకర కాళ్లున్న పుస్తకం ఒక్కటి అప్పట్లో నా చేతిలో పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మీరు ఆ నాలుగో పుస్తకం కొన్నారని తెలిసి నాకు అంత సంతోషం. మీరు గీసిన కాగితాలు చింపకండి. వెనక తేదీ వేసి దాచండి.

జపాన్‌లో హొకుసాయ్ అనే చిత్రకారుడు ఉండేవాడు. మనుషులు, చేపలు, వానలో పరుగెత్తేవాళ్లు, ఏది కంటపడితే అది గీశాడు. ఆ బొమ్మల పుస్తకాల్లో మొదటిది 1814లో వచ్చింది. మొత్తం 15 వచ్చాయి, చివరిది ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1878లో. వాటి పేరులో ఉన్న మాట 'మాంగా'. ఇప్పుడు జపాన్‌లో కామిక్స్‌ని పిలిచేది ఆ మాటతోనే. అంత గీసిన మనిషి, డెబ్బై ఏళ్లలోపు తాను గీసినవాటిలో చెప్పుకోదగ్గది ఏదీ లేదని ముసలితనంలో రాసుకున్నాడు.

చిన్నా, నువ్వు భూతద్దం తీసుకుని కామిక్‌లోని ముఖాల్లో ఒకదాన్ని చూడు. చర్మం రంగు మాయమై గులాబీ, పసుపు చుక్కలు కనిపిస్తాయి.

బుజ్జీ, నువ్వు ఆ నాలుగు చేతుల పేజీ తెరిచి, నీ చేతిని పక్కనే అదే భంగిమలో పెట్టు. నాలుగింటిలో ఒక గీత మీద పెన్సిల్ కాస్త గట్టిగా నొక్కి ఉంటుంది. ఆ ఆర్టిస్టు దాన్నే ఎందుకు ఉంచుకున్నాడో నేను చెప్పలేను. అదేదో కనిపెట్టి రాయి.

మీ తాతయ్య