రాత్రి తొమ్మిదింటికి డాబా

మే నెలలో రాత్రి తొమ్మిది గంటలకు హైదరాబాదులో ఏ డాబా మీదికైనా చెప్పులు లేకుండా ఎక్కితే, పొద్దుగుంకి రెండు గంటలు దాటినా స్లాబు ఇంకా సెగలు కక్కుతోందని అరికాళ్లే చెబుతాయి. అదే వేళకు ఊరవతల చేనుగట్టు మీద గాలి చల్లబడి ఉంటుంది. నగరం బాగుపడాలంటే ఏం కావాలని అడిగితే ఫ్లైఓవర్లు, మెట్రో అంటూ జాబితా చదివేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ముందు ఈ అరికాలి పరీక్ష పెట్టాలి.

ఈ తేడాను మొదట లెక్కగట్టినవాడు ల్యూక్ హోవర్డ్. మందుల తయారీ వృత్తిగా ఉన్న ఆయన 19వ శతాబ్దం మొదట్లో లండన్ లోపలా, బయటా ఉష్ణోగ్రతలను ఏళ్ల తరబడి రాసిపెట్టుకుని, రాత్రిపూట నగరం పల్లె కంటే సుమారు 2 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉంటోందనీ, పగటిపూట మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదనీ గమనించాడు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. తడి ఉన్న నేల మీద ఎండ పడితే అందులో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. కాంక్రీటుకూ తారుకూ ఆవిరి చేయడానికి నీరే లేదు కనుక వచ్చిన వేడినంతా ఒంట్లో దాచుకుని సాయంత్రం నుంచి మెల్లగా బయటికి వదులుతాయి. ఆ వేడి ఆకాశంలోకి పోవలసి ఉండగా, ఇరుకు వీధుల్లో ఎదురెదురు గోడలు దాన్ని ఒకదానికొకటి అప్పగించుకుంటూ ఉంటాయి.

ఆవిరి కావడంలో ఎంత శక్తి ఇమిడి ఉందో చూద్దాం. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. బాగా ఎదిగిన చెట్టు రోజుకు 100 లీటర్లు ఆకుల ద్వారా వదిలిందనుకుంటే అది 67 యూనిట్లు, అంటే ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు గంటలకు పైగా ఏకధాటిగా తోడిపోసే వేడి. పైగా ఏసీ గదిలోని వేడికి తన కరెంటు వేడిని కూడా కలిపి వీధిలోకే నెడుతుంది.

అయితే ఈ లెక్క అన్ని ఊళ్లకూ ఒకేలా వర్తించదు. విజయవాడ, విశాఖల్లో గాలి ముందే తేమతో బరువెక్కి ఉంటుంది కాబట్టి ఆవిరి వల్ల కలిగే చల్లదనం తక్కువ. అక్కడ చెట్టు చేసే మేలులో ఎక్కువ పాలు నీడదే. నీడ సంగతిని మనం చాలా తక్కువగా అంచనా వేస్తున్నాం. వార్తల్లో చెప్పే 42 డిగ్రీలు నీడలో కొలిచిన గాలి వేడి మాత్రమే. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డవాడి మీద సూర్యుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల చొప్పున అదనంగా కుమ్మరిస్తాడు. బస్టాపుకు రేకు కప్పు వేస్తే ఆ ఎండ ఆగుతుంది గానీ, కాలిన రేకు కిందివాళ్ల నెత్తిన సెగ పోస్తూనే ఉంటుంది. వేపాకు అలా కాదు. తన నీటిని తానే ఆవిరి చేసుకుంటూ గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది. రోడ్డు మధ్య డివైడర్లలో పూలమొక్కలు పెంచి, మనిషి నడిచే అంచును బోడిగా వదిలేసే పద్ధతి నాకెప్పుడూ అంతుబట్టదు.

ఇంటి పైకప్పు సంగతి ఇంకా సులువు. సున్నం కొట్టిన డాబా మీద పడిన ఎండలో ఎక్కువ భాగం తిరిగి ఆకాశానికే పోతుందని మన పెద్దలకు తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఇలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. ఏటా దుమ్ము కడగకపోతే ఆ తెలుపు నిలవదు.

చెట్ల విషయంలో లోటు నాటడంలో కంటే బతకనివ్వడంలో ఎక్కువ. వానలు రాకముందే కరెంటు తీగలకు అడ్డం తగలకూడదని మా వీధిలో ఏటా ఏప్రిల్, మే నెలల్లోనే కొమ్మలు నరికేస్తారు. నీడ కావలసింది సరిగ్గా ఆ వారాల్లోనే. అదే పని వానలు వెనకబట్టాక చేస్తే, మళ్లీ ఎండలు ముదిరేలోగా కొత్త చిగురు కమ్ముకుంటుంది. ఫుట్‌పాత్‌కు టైల్స్ పరిచేటప్పుడు మొదలు దాకా సిమెంటు పోయకుండా, చుట్టూ మీటరు వెడల్పున మట్టి వదిలిపెడితే వానచుక్క వేరుకు అందుతుంది, ఆ నీరే మే నెలలో ఆకు గుండా ఆవిరై పైకి వస్తుంది.