గంజాం తీరపు ఇసుకలో థోరియం: ఒకే పేరు, ఎన్నో పరమాణువులు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటి నుంచి గోపాలపూర్ వైపు నడిస్తే, అల వెనక్కి పోయిన ప్రతిసారీ ఒడ్డున నల్లటి చారలు మిగులుతాయి. తేలిక ఇసుకను నీరు లాక్కుపోతుంది, బరువైన రేణువులు ఉన్నచోటే ఉండిపోతాయి. చేటతో చెరిగినట్టే ఉంటుంది. ఆ నలుపు ఎక్కువగా టైటానియం ఖనిజమైన ఇల్మెనైట్‌ది. దాని మధ్య అక్కడక్కడా తేనె రంగులో కనిపించే రేణువులు మోనజైట్. థోరియం అనే లోహం ఉన్నది వాటిలోనే. తూర్పు కనుమల రాళ్లు యుగాల తరబడి అరిగి, నీళ్లలో కొట్టుకొచ్చి చేరిన సరుకు ఇది.

1980లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ (ఇండియన్ రేర్ ఎర్త్స్) ఛత్రపురం దగ్గర ఈ ఇసుక నుంచి ఖనిజాలు తీయడం మొదలుపెట్టింది. తీరంలోని తెలుగు మత్స్యకారుల పల్లెల్లోనూ, బరంపురం తెలుగు ఇళ్లలోనూ దీని గురించి రెండు మాటలు నడుస్తుంటాయి. మన ఇసుకతో అణుబాంబులు చేస్తారట అన్నది ఒకటి. ఆ ఇసుక తాకితే క్యాన్సర్ వస్తుందట అన్నది రెండోది. థోరియం అనగానే అదంతా ఒకటే పదార్థం అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిజానికి ఒకే మూలకంలో రకరకాల పరమాణువులు ఉంటాయని లోకానికి తెలియడంలో థోరియం పాత్ర చాలా పెద్దది.

స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1829లో థోరియాన్ని గుర్తించాడు. తర్వాత దాదాపు 70 ఏళ్లు దాన్ని మామూలు లోహంగానే చూశారు. గ్యాస్ దీపాల మాంటిల్‌కు వాడారు. తిరువాన్కూరు తీరం నుంచి మోనజైట్ విదేశాలకు వెళ్లింది కూడా మొదట్లో ఆ దీపాల కోసమే. 1898లో జర్మనీలో ష్మిట్, పారిస్‌లో మేరీ క్యూరీ విడివిడిగా దాని రేడియోధార్మికతను, అంటే దానంతటదే కిరణాలు వెలువరించే గుణాన్ని, కనిపెట్టారు.

అసలు మలుపు 1902 ప్రాంతంలో కెనడాలోని మాంట్రియల్‌లో వచ్చింది. రూథర్‌ఫర్డ్, సాడీ అనే శాస్త్రవేత్తలు థోరియం ద్రావణం నుంచి ఒక చిన్న భాగాన్ని వేరుచేశారు. రేడియోధార్మికతలో ఎక్కువ భాగం దానితోపాటే వెళ్లిపోయింది. దానికి థోరియం ఎక్స్ అని పేరు పెట్టారు. కొన్ని వారాల తర్వాత చూస్తే థోరియం ఎక్స్ చల్లారిపోయింది, నీరసించిన థోరియం మాత్రం మళ్లీ పుంజుకుంది. అంటే థోరియం తనలో నుంచి ఇంకో పదార్థాన్ని నిరంతరం పుట్టిస్తోంది. ఒక మూలకం ఇంకో మూలకంగా మారుతుందని అప్పటి రసాయన శాస్త్రంలో చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

ఆ తర్వాత గందరగోళం పెరిగింది. రేడియోథోరియం, అయోనియం అంటూ కొత్త పేర్లు పుట్టుకొచ్చాయి. వాటిని థోరియంతో కలిపితే ఏ రసాయన పద్ధతిలోనూ మళ్లీ విడదీయలేకపోయారు. 1913లో సాడీ ముడి విప్పాడు. అవి కొత్త మూలకాలు కావు, బరువులో తేడా ఉన్న థోరియమే. వాటికి ఐసోటోపులని పేరొచ్చింది. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టాక కారణం స్పష్టమైంది. కేంద్రకంలో 90 ప్రోటాన్లు ఉంటే అది థోరియమే, న్యూట్రాన్లు 142 ఉంటే థోరియం-232, 138 ఉంటే థోరియం-228. మొదటిది సగానికి తగ్గడానికి సుమారు 1,400 కోట్ల ఏళ్లు పడుతుంది, రెండోదానికి రెండేళ్లు కూడా పట్టదు. నాలుగు న్యూట్రాన్లకే ఇంత తేడా!

ఇక బాంబు మాట. మన ఇసుకలో ఉన్నది దాదాపు అంతా థోరియం-232. దానికది గొలుసు విచ్ఛిత్తిని, అంటే ఒక కేంద్రకం చీలి, అందులోంచి వచ్చిన న్యూట్రాన్లు ఇంకొన్నింటిని చీల్చుకుంటూ పోవడాన్ని, నడపలేదు. రియాక్టర్‌లో న్యూట్రాన్‌ను పీల్చుకుని, ప్రొటాక్టినియం అనే మూలకం మీదుగా యురేనియం-233గా మారాలి. అప్పుడే ఇంధనం అవుతుంది. హోమీ భాభా మూడంచెల అణు ప్రణాళిక చివరి అంచె ఇదే. కల్పాక్కంలో 1996లో మొదలైన కామిని రియాక్టర్ ఈ యురేనియం-233తోనే నడుస్తుంది, కాకపోతే దాని సామర్థ్యం 30 కిలోవాట్లే.

రెండో భయాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మోనజైట్‌లో థోరియం నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయిన అయానుగా, ఫాస్ఫేట్‌తో కలిసి గట్టిగా బిగిసి ఉంటుంది, మామూలు నీటిలో దాదాపు కరగదు. కానీ అయానుగా మారినా కేంద్రకం మారదు కాబట్టి రేడియేషన్ తగ్గదు. గామా కిరణాలు ఎక్కువగా వచ్చేది థోరియం-232 నుంచి కాదు, దాని సంతతి నుంచి, అంటే అది క్షీణిస్తూ వరసగా పుట్టించే పదార్థాల నుంచి. ఆ వంశం సీసం-208 దగ్గర ఆగుతుంది. ఇలాంటి ఇసుకే ఉన్న కేరళలోని కరునాగపల్లిలో దాదాపు 70 వేల మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, నేల నుంచి వచ్చే రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. అది నాకూ ఊరటే. అయితే ఆ అధ్యయనం సహజంగా ఉన్న తీరం గురించి. మోనజైట్‌ను రసాయనాలతో విడగొట్టినప్పుడు రేడియం-228 థోరియం నుంచి వేరైపోయి వ్యర్థాల్లో చేరుతుంది. అది సగానికి తగ్గడానికి ఐదేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. ఆ వ్యర్థాలను ఎక్కడ దాస్తున్నారు, చుట్టుపక్కల బావి నీళ్లను ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తున్నారు, ఆ ఫలితాలను పల్లె జనానికి ఒడియాతోపాటు తెలుగులోనూ చెబుతున్నారా అన్నవే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు.